చైన్ కేసు మీద పసుపు

ఏడాది పొడవునా చెమటలు కారే ఊళ్ళో నేను మంచుబండి రిపేరు చేసేవాణ్ణి. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "మెయింటెనెన్స్" అనేసి సాంబారు వైపు తిరిగేవాణ్ణి. అసలు సంగతి చెబితే జోకు వేస్తున్నాననుకునేవారు. నా మీద ఆ అనుమానం ముందునుంచే ఉంది.

మలయ్ దేశంలో క్లాంగ్ దగ్గర ఒక పెద్ద షాపింగ్ కాంప్లెక్సు వెనకభాగమంతా మంచుహాలు. బయట ముప్ఫై మూడు డిగ్రీలు, లోపల మైనస్ అయిదు. రెంటికీ మధ్య ఒక ప్లాస్టిక్ తెర, రెండు తలుపులు, నా వర్కుషాపు. హాల్లో మిషన్లతో కురిపించిన మంచు, దానికో వాలు. పిల్లల్ని స్లెడ్జిలో కూర్చోబెట్టి ఆ వాలు మీదికి లాక్కెళ్ళి, పైన ఫొటో తీయించి, కిందికి దించడానికి ఒక స్నోమొబైల్ ఉండేది. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకి బదులు వెడల్పాటి రబ్బరు పట్టా. ఏదో చలిదేశంలో వాడి వదిలేసిన పాత బండి. హాల్లో పొగ రాకూడదని ఇంజన్ పీకేసి కరెంటు మోటారు పెట్టారు. పొగతోపాటు చప్పుడు కూడా పోయింది. మలయ్ భాషలో మంచుని సల్జీ అంటారు కాబట్టి మావాళ్ళందరికీ అది సల్జీ బండి.

ఆ సల్జీ బండి నూనె కార్చడం మొదలుపెట్టింది. సిమెంటు నేల మీదైతే ఎవరూ పట్టించుకోరు. తెల్లటి మంచు మీద గోధుమరంగు చుక్కలు వరసగా పడితే ఊరంతటికీ కనిపిస్తుంది. ఒక పాప దాన్ని చాక్లెట్ అనుకొని వేలితో తీసి నోటిదాకా తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ కేక మేనేజరు గదిదాకా వినబడింది. మర్నాడు మేనేజరు నన్ను పిలిచి, గురువారం మధ్యాహ్నం రెండింటికి స్కూలు పిల్లలు వస్తున్నారని, ఆలోగా చుక్క కనబడకూడదని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆవిడ అరిస్తే ఫరవాలేదు, మర్యాదగా మాట్లాడితేనే ప్రమాదం.

చుక్క సంగతి నాకు పెద్ద భయం కాదు. అది ఎక్కణ్ణుంచి వస్తోందో, అదీ భయం.

మోటారు తిప్పేది పైనున్న ఒక ఇరుసుని. పట్టాని తిప్పేది కిందనున్న ఇంకో ఇరుసు. రెంటినీ కలిపేది ఒక చైన్. అది నూనెలో తడుస్తూ తిరగడానికి చుట్టూ మూసేసిన అల్యూమినియం పెట్టె ఉంటుంది. దాన్నే చైన్ కేసు అంటారు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా బ్రేకుతోనే. ఆ బండికి బ్రేకు ఉన్నది పై ఇరుసు మీద. బ్రేకు నొక్కితే పై ఇరుసు ఆగుతుంది, ఆ ఆగడం చైన్ ద్వారా కింది ఇరుసుకీ పట్టాకీ అందాలి. చైన్ తెగినా, పళ్ళ మీంచి జారినా, బ్రేకు చక్కగా పడుతుంది, బండి చక్కగా వెళ్ళిపోతుంది. మాన్యువల్లో ఈ విషయం ఒక్క వాక్యంలో రాశారు. ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళలో నన్ను అంతగా భయపెట్టిన వాక్యం ఇంకొకటి చదవలేదు.

వాలు అడుగున మెత్తటి దిండ్ల గోడ. దాని వెనక గాజు తెర. గాజు తెర వెనక వేడి కాఫీ తాగుతూ పిల్లల అమ్మానాన్నలు.

బండి తోలేది మా బావ, అక్క భర్త. బంటింగ్ దగ్గర పామాయిల్ తోటలో మేమిద్దరం కూలీలకి వరసగా కట్టిన ఒకే లైను ఇళ్ళలో పెరిగాం. ఆయన నాకన్నా పదహారేళ్ళు పెద్ద. తోటలో ట్రాక్టరు తోలాడు. తర్వాత కొన్నాళ్ళు పహాంగ్ కొండతోటల్లో పామాయిల్ గెలల ట్రైలరు దించాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్టు. చివరికి యాభై ఆరో ఏట జీవితంలో మొదటి స్వెట్టరు కొనుక్కొని మంచులోకి వచ్చాడు. ఈ ఉద్యోగం ఇప్పించింది నేనే. చేరిన రోజు అక్క నాతో "ఆయన్ని కాస్త సూసుకోరా" అంది. అంత చిన్న విషయానికి అడగాలా అన్నట్టు తలూపాను.

ఇక్కడ మా నాన్న గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ గురువారం జరిగినదాంట్లో ఆయన వాటా కూడా ఉంది. ఆయన అదే తోటలో వర్కుషాపు మెకానిక్కు. నూనె కారే గేరుబాక్సు వస్తే కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, టీ వడకట్టే జాలీలో పసుపు పోసి దానిమీద పల్చగా దులిపేవాడు. కాసేపు బండి నడిపితే నూనె ఊరే చోట పసుపు తడిసి ముదురురంగు తిరుగుతుంది. లీకు ఎక్కడో వేలుపెట్టి చూపించినట్టు తెలిసిపోతుంది. టాల్కం పౌడరైనా ఇదే పని చేస్తుంది. కానీ మా ఇంట్లో పౌడరు అమ్మది, పసుపు అందరిదీ.

అమ్మవారికి పెట్టే పసుపుని నూనె లీకుకి వాడుతున్నాడని తెలిస్తే మా నాన్నమ్మ ఊరుకోదు. అందుకని ఆవిడ అడిగినప్పుడు నాన్న "బండికి పూజమ్మా" అన్నాడు. నాన్నమ్మ సంతోషించింది. లైను ఇళ్ళవాళ్ళందరూ సంతోషించారు. మా తోటలో ఎలాగూ కొత్త బండైనా బాగుచేసిన బండైనా పసుపు పూసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాకే బయటికి తీసేవారు. పసుపు పడిందంటే మెకానిక్కు పని ముగిసినట్టు. కాబట్టి నాన్నని ఎవరూ అనుమానించలేదు. పైగా అంత భక్తిగల మెకానిక్కు సెలంగోర్ రాష్ట్రం మొత్తంలో లేడని పేరొచ్చింది. ఆయన తనంతట తాను గుడికి వెళ్ళగా నేనైతే చూడలేదు. అసలు సంగతి నేను కాలేజీలో చేరాక నాకొక్కడికే చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక కూడా చెప్పలేదు. వచ్చిన మంచిపేరుని నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నాను.

గురువారం ఏడింటికే పని మొదలుపెట్టాను. ముందు హ్యాండిలుకి "వాడరాదు" అన్న ఎర్ర అట్ట తగిలించాను. బండిని స్టాండు మీదికి ఎత్తి, నూనె దించి, కేసు మూత విప్పి, చైన్ తీశాను. కింది ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు వేలితో తాకితే బిస్కెట్టులా విరిగింది. కొత్తది కొట్టాను. మూత చుట్టూ ఉండే రింగు కూడా మార్చాను. చైన్ తిరిగి ఎక్కించాను. మిగిలింది ఒక్క బోల్టు. చైన్ వదులు కాకుండా పక్కనుంచి ఒత్తిపట్టే బోల్టు అది. కేసు గోడలోంచి బయటికి పొడుచుకొని ఉంటుంది. దానికీ ఒక చిన్న రబ్బరు రింగు ఉంటుంది. ఆ సైజు మా దగ్గర లేదు. పన్నెండులోపల తెచ్చిస్తానని విడిభాగాల షాపతను చెప్పాడు. రింగు వచ్చాక బోల్టు మళ్ళీ విప్పాల్సిందే కదా అని దాన్ని వేళ్ళతో తిప్పి వదిలేశాను. అంటే లోపల చైన్ వదులుగానే ఉంది.

ఈలోగా కొత్త సీలు పని చేస్తోందో లేదో చూసుకుందామని నూనె పోసి, కేసుని కడిగి తుడిచి, ఇంటినుంచి తెచ్చుకున్న పొట్లం విప్పాను. జాలీతో పసుపు దులిపాను. స్టాండు మీదే మోటారుని రెండు నిమిషాలు మెల్లిగా తిప్పి ఆపేశాను. పసుపు పొర చాలా అందంగా వచ్చింది. నాన్న చూస్తే బాగుండుననిపించింది. ఆ కాసేపూ నా పనితనం నాకే ముచ్చటేసింది.

అప్పుడే హాలుకి చలి పుట్టించే చిల్లరు మిషన్ల గదిలో ఫ్యాను గడ్డకట్టిందని ఫోను వచ్చింది. వెళ్ళాను. అరగంట పట్టింది. తిరిగి వర్కుషాపులోకి రాగానే, చలిలోంచి ఉక్కలోకి వచ్చినప్పుడల్లా జరిగేదే, కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. బండి కనబడలేదు. అద్దాలు తుడుచుకున్నాను. అప్పుడూ కనబడలేదు.

స్టాండు ఖాళీ. ఎర్ర అట్ట నా టూల్‌బాక్సు మీద బుద్ధిగా పెట్టి ఉంది. నేల మీద, పట్టా ఉండాల్సిన చోట, నలిగిన నిమ్మకాయ.

ఎవరో బండి ఎత్తుకుపోయారేమోనని ఒక్క క్షణం మనస్ఫూర్తిగా ఆశపడ్డాను. కానీ దొంగలు నిమ్మకాయ తొక్కించరు. ఈ కాంప్లెక్సులో అలా తొక్కించే మనిషి ఒక్కడే ఉన్నాడు.

తెర తోసుకొని హాల్లోకి పరుగెత్తాను. నా ఒంటిమీద టీషర్టు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. బావ అప్పటికే వాలు పైన ఉన్నాడు. ఆయన వెనక స్లెడ్జిలో నీలం కోట్లు వేసుకున్న పిల్లలు రెండు వరసల్లో కూర్చొని ఉన్నారు. పదకొండు మంది. ఫొటోగ్రాఫరు వాళ్ళని నవ్వమంటున్నాడు.

పైకి ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. మోటారు లాగుతున్నప్పుడు చైన్ ఒకవైపు బిగిసే ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకు నొక్కితే ఆ వదులంతా రెండో వైపుకి వస్తుంది. ఆ వైపు ఒత్తిపట్టాల్సిన బోల్టుని నేను వేళ్ళతో బిగించాను. బరువైన స్లెడ్జి వెనకనుంచి తోస్తుంటే చైన్ పళ్ళు దాటుతుంది. దాటిందంటే ఆ బండికి బ్రేకు లేనట్టే. కాలేజీలో నాకు ఎన్నడూ సమయానికి గుర్తురాని సూత్రాలన్నీ అప్పుడు అడక్కుండానే వరసగా గుర్తొచ్చాయి. బరువు, వాలు, వేగం. జవాబు కూడా వచ్చేసింది. దిండ్ల గోడ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

"బావా! దిగొద్దు! అక్కడే ఆగు!"

హాల్లో పిల్లల పాట పెద్దగా మోగుతోంది. బావ నన్ను చూసి చెయ్యూపాడు. పిల్లలూ ఊపారు. నేను రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఆడించాను. వాళ్ళూ రెండు చేతులూ ఎత్తి అలాగే ఆడించారు.

పక్కదారిన పైకి పరుగెత్తాను. పరుగు అనడం కొంచెం ఎక్కువ. మొదటి చెప్పు మూడో అడుగులో పోయింది, రెండోది ఆ తర్వాత. ఉత్తి పాదాలకి మంచు చల్లగా ఉండదు, కాలుతుంది. ఆ సంగతి అప్పుడే తెలిసింది. రెండుసార్లు బోర్లా పడ్డాను. అరుపు గాలిలాగా వచ్చింది. "ఆయన్ని కాస్త సూసుకోరా" అన్న అక్క గొంతు మాత్రం ఆ పాటలోంచి కూడా స్పష్టంగా వినిపిస్తోంది. సాయంత్రం ఆమె ఇంటి గుమ్మం ముందు నిలబడి ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. బండి ఇంకా కదలనే లేదు, నేను అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాను.

బండి కదిలింది. చప్పుడు లేకుండా కదిలింది.

పదడుగులు బాగానే దిగింది. అప్పుడు వినబడింది, టక్. చిన్నగా, ఎవరో మెటిక విరిచినట్టు. మళ్ళీ టక్. ఆ తర్వాత టకటకటక అని ఆగకుండా. స్లెడ్జి ముందుకి ఉరికింది. నేను వాలు మధ్యలో, మోకాళ్ళ మీద ఉన్నాను. వాళ్ళు నన్ను దాటుకుంటూ వెళ్ళారు. బావ చెయ్యి బ్రేకుని హ్యాండిలుకి ఆనించి నొక్కిపట్టి ఉంది. ఆయన మొహంలో చిరునవ్వు ఇంకా ఉంది గానీ, దాని వెనక మనిషి లేడు.

ఆయన నావైపు చూడలేదు. కింద గోడ వైపు కూడా చూడలేదు. ఎడమపక్కకి చూశాడు. మంచు కురిపించే మిషను పక్కన మెత్తటి మంచు కుప్పగా పడి ఉంటుంది. ఒళ్ళంతా అటు వాల్చి హ్యాండిలు తిప్పాడు. కొండతోటల్లో ట్రైలరు వెనకనుంచి తోసుకొచ్చినప్పుడు ట్రాక్టరు ముక్కుని గట్టు మీదికి ఎక్కించేవాళ్ళట, తర్వాత చెప్పాడు. స్కీలు వాలుకి అడ్డం తిరిగాయి. స్లెడ్జి వెనక ఒక అర్ధచక్రం చుట్టింది. బండి ముక్కు ఆ కుప్పలోకి సగందాకా దిగబడి ఆగింది. మంచు లేచి అందరిమీదా పడింది. చివరి వరసలో ఒక పిల్లాడి టోపీ ఎగిరి నా ముందు పడింది.

పాట ఇంకా మోగుతోంది. నాకు ఏడుపులు వినబడతాయనుకొని ఊపిరి బిగబట్టాను.

"లాగీ! లాగీ!" అని అరిచారు పిల్లలు. మళ్ళీ, మళ్ళీ అని.

నేను పాక్కుంటూ వెళ్ళేసరికి బావ సీటు మీదే ఉన్నాడు. బ్రేకు ఇంకా నొక్కే ఉంచాడు.

"ఒరే," అన్నాడు చాలా మెల్లిగా, "బ్రేకు అట్టుకునే ఉన్నాన్రా. ఎల్లిపోతంది."

"తెలుసు బావా. ఆగింది. ఇంక వదిలెయ్."

"వదిలేస్తాన్రా. సెయ్యి రాటం నేదు."

ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. టీచరమ్మ వచ్చి పిల్లల్ని దింపి, చేతులు పట్టించి కిందికి నడిపించుకుపోయింది. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. నేను ఆవిడకి తెలియకుండా ఇంకో రెండుసార్లు. నలుగురు మనుషులు తాడు కట్టి బండిని వర్కుషాపులోకి లాక్కొచ్చారు. వాళ్ళు వెళ్ళిపోయాక నేనూ బావా చెరో డబ్బా మీద కూర్చున్నాం.

"బస్సు పదింటికే వచ్చీసింది," అన్నాడు బావ. "టైము తప్పు సూసుకున్నారంట. మేనేజరు మేడం నా ఎనకాల పడింది, బండేది బండేది అని. నీకు ఫోను సేసినాను, అందనేదు. ఇక్కడికొచ్చి సూస్తే పసుపేసి ఉంది. సరే, అయిపోనాదనుకున్నాను."

"అట్ట ఉందిగా బావా, ఎర్రగా?"

"పసుపేసినాక అట్టేటిరా? తియ్యడం మర్సిపోయినావనుకున్నాను. నిమ్మకాయ కూడా మర్సిపోయినావు. నేనే క్యాంటీన్లో అడిగి తెచ్చి పెట్టినాను. మీ నాయనకున్న భక్తి నీకు నేదు, అది నాకు ఎప్పుడో తెలుసు."

ఇంక చెప్పక తప్పలేదు.

"అది పూజ కాదు బావా. లీకు ఎక్కడుందో చూద్దామని చల్లాను. నాన్న కూడా అందుకే చల్లేవాడు."

బావ మోకాళ్ళ మీద కరిగిన మంచుని తుడుచుకున్నాడు.

"మీ నాయన?"

"ఊఁ."

"పెతీ బండికీనా?"

"నూనె కారే బండికి."

"ఆ పాత నీలం ట్రాక్టరు?"

"వెనక ఇరుసు."

"నేను పహాంగ్ ఎల్లేముందు తోలినాను, సూడు, ఆ పెద్ద బండి? దానికి రెండుసార్లు ఏసినాడురా! నామీద ఎంత పేమో అనుకున్నాను!"

"దానికి రెండుచోట్ల కారేది."

"అయ్యో కడవుళే!" అన్నాడు. కష్టమొచ్చినప్పుడు మావాళ్ళకి దేవుడు తమిళంలో గుర్తొస్తాడు. "పసుపున్న బండైతే భయం నేదని ఏరి ఏరి ఆటినే తోలినాను గదరా! మిగిలినోళ్ళతో తగువేసుకొని తెచ్చుకున్నాను. ఆటి బ్రేకులు, ఆటి గేర్లు... అన్నీ లీకు బండ్లేనా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు.

"ఇప్పుడొస్తందిరా భయం," అన్నాడు. "ఆ బండ్లన్నిటికీ కలిపి ఒకేసారి."

లేచి కేసు వైపు చూశాను. కొత్త సీలు దగ్గర పసుపు పొడిగా, దులిపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మూత చుట్టూ కూడా అంతే. ఒక్కచోట మాత్రం ముదురు నారింజరంగు గీత కిందిదాకా కారి ఉంది. అది మొదలైంది నేను వేళ్ళతో బిగించిన బోల్టు దగ్గర. బోల్టు రెండు చుట్లు బయటికి వచ్చేసింది. నాన్న పద్ధతిలో లోపమేమీ లేదు. తప్పు ఎక్కడుందో సరిగ్గా చూపించింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళి, చైన్ వదులుగా వదిలేసింది నేనేనని, బావ తప్పేమీ లేదని చెప్పాను. పసుపు సంగతి చెప్పలేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ ఈసారి మర్యాదగా మాట్లాడలేదు. ఆ రోజు నాకు కొంచెం ఊరటగా అనిపించింది అదొక్కటే.

రింగు పన్నెండున్నరకి వచ్చింది. వేశాను. చైన్‌ని సరిచేసి, బోల్టుని స్పానరుతో బిగించి, దాని లాక్‌నట్ బిగించి, మళ్ళీ ఒకసారి స్పానరు పెట్టి చూశాను. ఇంకోసారి చూశాను. చేతికి ఆపడం రాలేదు. పసుపంతా కడిగేశాను. నూనె పోసి బండి దింపాక బావ హ్యాండిలు వైపు చెయ్యి చూపించాడు.

"నువ్వెక్కు."

"నేనా?"

"తోటలో బాగుసేసినోడే ముందు ఎక్కేవోడు. మీ నాయన ఎక్కేవోడు. అదైనా నిజమేనా?"

అది నిజమే. నేను మాత్రం మూడేళ్ళుగా ఆ బండిని విప్పుతూ బిగిస్తూ ఉన్నాను గానీ, ఒక్కసారి కూడా వాలు దిగలేదు. దానికి నా దగ్గర చాలా మంచి కారణాలు ఉండేవి. అప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు.

హాలు ఖాళీగా ఉంది. పాట ఆపేశారు. బావ ఖాళీ స్లెడ్జి మీద నిలబడ్డాడు, వద్దంటే వినలేదు. పైకి ఎక్కి బండిని వాలువైపు తిప్పాక కిందికి చూశాను. దిండ్ల గోడ అగ్గిపెట్టంత ఉంది. పొద్దున ఆ పిల్లలు ఇక్కడినుంచే నాకు చేతులు ఊపారు.

"పోనియ్యిరా," అన్నాడు బావ వెనకనుంచి.

కదిలాం. పదడుగుల దగ్గర బ్రేకు నొక్కాను. టక్ అంటుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. అనలేదు. బండి ముక్కు కొంచెం వంచి ఆగింది. "మళ్ళీ," అన్నాడు బావ. వదిలి మళ్ళీ నొక్కాను. ఆగింది. వాలు అడుగుకి చేరేలోపల నాచేత ఆరుసార్లు నొక్కించాడు. దిగాక నా చెయ్యి కూడా హ్యాండిలు నుంచి రాలేదు. బావ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

వర్కుషాపులో మోకాళ్ళ మీద కూర్చొని కేసు చుట్టూ వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది. బోల్టు దగ్గర తడిమాడు. పొడిగా ఉంది. లేచి, నా అరలోంచి పసుపు పొట్లం, జాలీ తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడెయ్యి."

"దేనికి బావా?"

"దేనికో ఒకదానికి. ఎయ్యిరా."

వేశాను. ఒకచోట ఎక్కువ పడింది. నేను కళ్ళు ఆర్పకుండా ఆ బోల్టు కిందే చూస్తూ ఉండిపోయాను. బావ నా పక్కనే చేతులు కట్టుకొని, తల కొంచెం వంచి, పావుగంటసేపు నిలబడ్డాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడో, ఆయన కూడా తడి కోసమే చూస్తున్నాడో నేను అడగలేదు.